పెళ్లి ఫోటోలకు మెరుగు ఎంతవరకు?

“ఈ పిల్ల ఎవరర్రా?” అని అడిగింది మా మేనకోడలి నాయనమ్మ. ఆవిడ చేతిలో ఉన్నది సాక్షాత్తు తన మనవరాలి పెళ్లి ఫోటో.

మా చెల్లెలి కుటుంబం ఉండేది అండమాన్ దీవులలో, 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో. శ్రీకాకుళం తీరం నుండి తరలివెళ్లి అక్కడ స్థిరపడిన అనేక తెలుగు కుటుంబాలలో అది ఒకటి. పెళ్లి అయిన వారానికి మా మేనల్లుడు కంప్యూటరు ముందు కూర్చుని, రెండు రోజులు రకరకాల ‘ఎఫెక్టులు’ ప్రయోగించి, చామనచాయగల తన అక్కను పాలరాతి బొమ్మగా మార్చివేశాడు. ముక్కు ప్రక్కనున్న పుట్టుమచ్చ సైతం అదృశ్యమయింది. అందరం నవ్వాము. పెళ్లికూతురు మాత్రం నవ్వలేదు. “అయితే నేనున్నట్టుగా బాగాలేననే కదా అర్థం!” అంటూ లోపలికి వెళ్లిపోయింది.

నిజానికి ఈ మోజు కొత్తది కాదు. 1970, 80 దశకాల నాటి పెళ్లి ఆల్బములు తిరగవేసిన వారికి శంఖంలోనో, హృదయాకారంలోనో వెలిసిన వధువు ముఖం గుర్తుండే ఉంటుంది. లెన్సు ముందు నల్లకాగితం అడ్డుపెట్టి, ఒకే ఫిల్ము మీద రెండుసార్లు చిత్రం తీసి ఆ చమత్కారం సాధించేవారు. నెగెటివు మీద సన్నని పెన్సిలుతో దిద్ది ముఖంపై ముడతలు మాపేవారు. నలుపు తెలుపు ప్రింట్లకు కుంచెతో రంగులద్దేవారు. 1990లో వెలువడిన ఫోటోషాప్ ఆ చీకటిగదినే కంప్యూటరులోకి తెచ్చింది. అందులోని ‘డాడ్జ్’, ‘బర్న్’ అనే పేర్లు చీకటిగది నుండి వచ్చినవే. అయితే ఆనాడు పెన్సిలు పట్టడానికి ఏళ్ల సాధన కావలసి వచ్చేది. నేడు ఒక్క మీట చాలు. పని సులువైన కొద్దీ ఎక్కడ ఆగాలో తెలియడం కష్టమవుతున్నది.

మరి ఏది దిద్దాలి? ఏది విడవాలి? నాకు తోచిన సూత్రం ఒకటే: వెలుతురు చేసిన తప్పును, కెమెరా చేసిన తప్పును దిద్దవచ్చు, మనిషిని దిద్దరాదు.

ఉదాహరణకు మన గడియారాలకు ఆధారమైన 82½ డిగ్రీల రేఖాంశం కాకినాడ సమీపం నుండి పోతుంది. పోర్ట్ బ్లెయిర్ అక్కడికి సుమారు 10 డిగ్రీలు తూర్పున ఉంది. అందుచేత అక్కడి సూర్యుడు మన గడియారం కంటె 40 నిమిషాలు ముందు నడుస్తాడు. డిసెంబరులో సాయంకాలం ఐదు గంటల ప్రాంతంలోనే అస్తమిస్తాడు. మా వాళ్లు భోజనాలు ముగించుకుని చిడియా టాపు తీరానికి చేరేసరికి సూర్యబింబం నీటి అంచున ఉంది. వెలుగు వెనుక నుండి పడడంతో వధూవరుల ముఖాలు నల్లబడ్డాయి. అటువంటి నీడలను తేటపరచడం ఎంతమాత్రం తప్పు కాదు. కాని ఎర్రని ఆకాశం చాలదని మరొక ఆకాశాన్ని తెచ్చి అతికిస్తే, క్రింద నీటిలోని పాత ప్రతిబింబం ఆ అబద్ధాన్ని బయటపెడుతుంది.

పందిరిలో రంగుదీపాల వలన చిత్రమంతా పచ్చబారితే, మధుపర్కాలలో పసుపు తగలని తెల్లని భాగాన్ని ప్రమాణంగా తీసుకుని రంగులను సరిచేయండి. తలంబ్రాలు నారింజరంగుకు తిరుగుతుంటే రంగు మితిమీరినదని గ్రహించండి. చెయ్యి కదిలి అలుక్కుపోయిన చిత్రాన్ని ఎంత పదును పెట్టినా అది తేరుకోదు. అన్నిటికంటె ముఖ్యం, అసలు చిత్రాన్ని భద్రపరచి నకలు మీదనే ప్రయోగాలు చేయండి. కంప్యూటరు తెర వెలుగు కంటిని మోసగిస్తుంది గనుక ఆల్బముకు ఇచ్చే ముందు ఒక చిన్న ప్రింటు తీసి చూసుకోండి.

ఆ రాత్రే నాయనమ్మ తన ట్రంకుపెట్టె నుండి ఒక ఫోటో తీసింది. అది ఆవిడ పెళ్లినాటిది. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో సిప్పీఘాట్‌లోని వారి ఇంటిలోకి వచ్చిన ఉప్పునీరు పెళ్లికొడుకు ముఖంలో సగాన్ని మరకగా మార్చివేసింది. తాతగారిది మరొక ఫోటో ఏదీ మిగలలేదు.

మేనల్లుడు ఉత్సాహంగా దానిని స్కాన్ చేశాడు. మరక ఉన్నచోట కంప్యూటరు తనంతట తానే ముఖాన్ని పూరించింది. చక్కని కన్ను, చక్కని చెక్కిలి వచ్చాయి. నాయనమ్మ తెర దగ్గరకు వంగి చాలాసేపు చూసింది.

“అందగాడే. కాని మీ తాత కాదు నాయనా! మరక ఉండనీ. మిగిలిన సగం ఆయనే కదా” అన్నది.

మావాడు మారు మాట్లాడలేదు. కంప్యూటరు గీసిన ముఖాన్ని తొలగించాడు. వెలిసిపోయిన భాగాలకు నలుపు తెలుపుల తేటదనం తెచ్చాడు. అంచుల పగుళ్లు పూడ్చాడు. మరకను మాత్రం ముట్టుకోలేదు. తరువాత ఎవరూ చెప్పకుండానే తన అక్క పెళ్లి ఫోటోల అసలు ప్రతులు తెరిచి, మొదటి నుండి పని ప్రారంభించాడు.

మర్నాడు ఉదయం ప్రింటు చూసి పెళ్లికూతురు ముక్కు ప్రక్కన వేలుపెట్టి, “వచ్చిందే నా మచ్చ!” అన్నది. అది నాయనమ్మకూ సరిగ్గా అక్కడే ఉంది.