యెజ్డీ అమ్మేశాను.. అయితే ఏంటట?

పోయిన నెల నా యెజ్డీ రోడ్‌కింగ్ అమ్మేశాను. 1987 మోడల్. ఈ ముక్క ఆఫీసులో చెప్పిన దగ్గర్నుంచీ పరామర్శలే పరామర్శలు. "డబ్బులకేమైనా ఇబ్బందా మామా?" అని ఒకడు. "పెళ్ళి కుదిరిందా?" అని ఇంకొకడు. మా టీమ్ లీడ్ అయితే కాఫీ మెషీన్ దగ్గర ఆపి మరీ "నీకసలు ప్యాషన్ లేదబ్బా" అని తేల్చేశాడు. ఆయనింట్లో ఒక గిటారు, ఒక డీఎస్ఎల్ఆర్, ఒక ట్రెడ్‌మిల్ ఉన్నాయి. మూడింటి మీదా బట్టలారేస్తారు. (సరే, కెమెరా మీద ఆరేయరు. అది బీరువాలో ఉంది.)

మండింది. అందుకే ఇదంతా.

నాకా బండంటే ప్రేమ లేదంటే మాత్రం ఊరుకోను. మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లో, నేను పుట్టకముందే మూతపడింది. 2018 చివర్లో జావా పేరు మళ్ళీ షోరూముల్లోకి వచ్చినప్పుడు జనమంతా కొత్తదాని వెంట పడితే నేను పాతదాని వెంట పడ్డాను. 2019లో ఉద్యోగంలో చేరిన కొత్తలో జీతం దాచుకుని 38 వేలకి కొన్నా. దాని మీద ఇంకో 60 వేలు పోశా. ఒకటే సిలిండరు, రెండు సైలెన్సర్లు. కిక్ రాడ్డూ గేర్ రాడ్డూ ఒకటే.. లోపలికి నొక్కి వెనక్కి తిప్పితే కిక్కు, ముందుకొస్తే గేరు. తెలియనివాడికి తాళాలిచ్చినా స్టార్ట్ చేయలేడు, అదొక గర్వం. బంకులో పెట్రోలు కొట్టించి, టూటీ ఆయిలు కొలత చూసి పోసి, బండిని అటూ ఇటూ ఊపుతుంటే బంకు కుర్రాళ్ళు ఏదో పూజ చూసినట్టు చూసేవాళ్ళు. శ్రీశైలం ఘాట్ రోడ్డులో రెండుసార్లు ఆగిపోయింది. రెండుసార్లూ ప్లగ్గు తుడిచి నేనే లేపాను. ఆ చప్పుడుకి నల్లమలలో కోతులు కూడా పక్కకి తప్పుకున్నాయి!

మరి ఎందుకు అమ్మావయ్యా అంటారా? గత రెండేళ్ళలో నేను దాన్ని తిప్పింది మొత్తం కలిపి రెండొందల కిలోమీటర్లుండదు. మిగతా కాలమంతా అపార్ట్‌మెంటు సెల్లారులో కవరు కప్పుకుని పడుంది. మనవాళ్ళు దీన్ని "జాగ్రత్తగా దాచుకోవడం" అంటారు. టూ స్ట్రోక్ బండిని దాచుకోవడం అనేదే లేదు. నిలబెడితే క్రాంక్ సీళ్ళు ఎండిపోతాయి, కార్బురేటర్లో పెట్రోలు జిగురుగా మారుతుంది. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది. ఇథనాల్ గాల్లో తేమని లాక్కుంటుంది, తేమ ఎక్కువైతే నీళ్ళు విడిపోయి ట్యాంకు అడుగున చేరతాయి, అక్కణ్ణుంచి తుప్పు. నలభై ఏళ్ళ నాటి రబ్బరు పైపులు ఈ పెట్రోలు కోసం తయారైనవి కావు. అంటే నేను ప్రేమ పేరుతో దాన్ని నెమ్మదిగా చంపుతున్నానన్నమాట. ఎవరికైనా ఇచ్చుంటే ఈపాటికి హాయిగా తిరుగుతూ ఉండేది.

ఇంకో రకం మేధావులున్నారు. "ఉంచుకో బాస్, రేటు పెరుగుతుంది, మ్యూచువల్ ఫండ్ అనుకో" అంటారు. మీకు బండి మీదా ప్రేమ లేదు, ఫండ్ల మీదా అవగాహన లేదు. ఏ ఫండుకి ప్రతి వర్షాకాలం సీళ్ళు మార్చాలో చెప్పండి! "వింటేజ్ కదా" అనేవాళ్ళకి ఒక మాట: 2021 నాటి కేంద్ర నిబంధనల లెక్కన వింటేజ్ అనిపించుకోవాలంటే మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్ళు దాటాలి. నా బండికి 2037 దాకా ఆ యోగం లేదు. పైగా ఆ ముద్ర పడ్డాక రోజూ రోడ్డు మీద తిప్పకూడదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ అలాంటివాటికే. తిప్పకూడని బండి నాకెందుకు?

అసలు సంగతి ఆదివారాలది. ఎనిమిదో తరగతి నుంచి పదో తరగతి దాకా నేను మృదంగం నేర్చుకున్నాను. ఆ తర్వాత ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీ.. అక్కడ చేతులు కూడా ఎంసెట్‌కే రాసిచ్చాం. మీలో చాలామంది కూడా ఏదో ఒకటి ఆ కాలేజీ గేటు బయట వదిలేసే లోపలికి వెళ్ళుంటారు. ఇప్పుడు మళ్ళీ మొదలుపెట్టా. ఆదివారం పొద్దున్న ఏడింటికి క్లాసు, రోజుకో గంట సాధన. పదేళ్ళ పిల్లల పక్కన కూర్చుని "త ది తొం నం" దగ్గర్నుంచి. ఆ పిల్లలు నాకన్నా బాగా వాయిస్తారు, అది వేరే విషయం. ఇంకోపక్క తెలుగు వికీపీడియాలో మా ఊరి గురించి మొదలెట్టిన వ్యాసం సగంలో ఉంది.

మృదంగం కొనడానికి బండి అమ్మక్కర్లేదు, అంత జీతమైతే వస్తోంది. కానీ యెజ్డీకి ఆదివారాలు కావాలి. పార్టుల కోసం కోఠీ తిరుగుడు, మెకానిక్ షెడ్డులో నాలుగు గంటల కూర్చోవడం, కార్బురేటర్ విప్పడం. చేయకపోతే అపరాధభావం, చేస్తే మృదంగం మూల పడుతుంది. రెండింటికీ తలో సగం ఇచ్చి చూశా. బండీ ఆగింది, తాళమూ తప్పింది.

కొనడానికి చాలామందే వచ్చారు. ఒకాయన లక్షా పదివేలు ఇస్తానన్నాడు. కెఫే పెడుతున్నాడట, గోడకి తగిలిస్తాడట! ఇంజను తీసేస్తే బరువు తగ్గుతుందా అనడిగాడు. టీ ఇచ్చి పంపేశా. చివరికి ఖమ్మం వైపు నుంచి ఒక ట్రాక్టర్ మెకానిక్ వచ్చాడు. కిక్ కొట్టి, కళ్ళు మూసుకుని ఒక నిమిషం విని, "క్రాంక్ బేరింగ్ అరుస్తోంది సార్, ఆర్నెల్లలో పోతది" అన్నాడు. నాకు ఆ చప్పుడు వినపడనే లేదు. 85 వేలకి ఇచ్చేశా. మా టీమ్ లీడ్ లెక్క ప్రకారం పాతికవేలు నష్టం.

ఫారం 29, 30 మీద సంతకాలు పెడుతుంటే చెయ్యి వణికిన మాట నిజం. ఇప్పటికీ సిగ్నల్ దగ్గర టూ స్ట్రోక్ చప్పుడు వినిపిస్తే తల తిరుగుతుంది. అదేం దాచుకోను.

మొన్న ఆదివారం క్లాసులో ఉండగా ఫోనొచ్చింది. "సార్, బేరింగ్ మార్చేసినా. నిన్న భద్రాచలం పోయొచ్చినం, ఇద్దరం. న్యూట్రల్ మాత్రం దొరుకుతలేదు, మీకెట్ల దొరికేది?" అని. సెకండ్ గేర్లోంచి మెల్లగా తట్టాలి, గట్టిగా కొడితే ఫస్టుకి పోతుందని చెప్పా. గురువుగారు తొడ మీద తాళం వేస్తూనే నా వంక చూస్తున్నారు. ఫోన్ పెట్టేశా.