ఇంటర్వ్యూలో మన ప్రశ్నలేవి?

ఉద్యోగానికి వెళ్ళిన ఆడపిల్లను సూర్యాపేటలో అడిగినా, కోదాడలో అడిగినా, మిర్యాలగూడలో అడిగినా ప్రశ్నలు అవే. పెళ్ళయిందా? పిల్లలెంతమంది? ఇంట్లో ఒప్పుకున్నారా? ప్రైవేటు బడులు, నర్సింగ్ హోములు ఇలా అడిగితే మనకు ఆశ్చర్యం లేదు. స్త్రీల హక్కుల కోసమే పుట్టామని చెప్పుకునే స్వచ్ఛంద సంస్థల్లోనూ ఇవే వింటున్నాం. నా కోపం వాటిమీదే. జీతం సంగతి ఎత్తితే "ఇది ఉద్యోగం కాదమ్మా, సేవ" అంటారు. సేవ పేరుతో ఆడవాళ్ళ శ్రమను చవగ్గా వాడుకోవడం కుటుంబం ఎప్పటినుంచో చేస్తున్న పనే కదా!

ఆశయాలు గొప్పవైనంత మాత్రాన సంస్థను నమ్మనక్కర్లేదు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదవండి. తెలంగాణ సాయుధ పోరాటంలో నిలబడిన స్త్రీలు, పోరాటం ముగిశాక తమను మళ్ళీ ఇళ్ళకే పంపిన తీరు చెప్పారు. భన్వరీదేవి రాజస్థాన్ ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో పనిచేసేది. బాల్యవివాహాన్ని ఆపడానికి ప్రయత్నించినందుకు 1992లో ఆమెపై సామూహిక అత్యాచారం జరిగింది. పని అప్పగించిన వాళ్ళు ఆమె రక్షణను తమ బాధ్యత అనుకోలేదు. ఆ అన్యాయం మీద స్త్రీలు చేసిన పోరాటం నుంచే 1997లో విశాఖ తీర్పు, 2013లో లైంగిక వేధింపుల నిరోధక చట్టం వచ్చాయి.

అందుకే మనమూ అడగాలి. పదిమంది, అంతకుమించి పనిచేసేచోట అంతర్గత కమిటీ ఉండాలి. లేకపోతే 50,000 రూపాయల దాకా జరిమానా. మీ కమిటీలో ఎవరున్నారు? బయటి సభ్యురాలు ఎవరు? ప్రసూతి సెలవు 26 వారాలూ జీతంతో ఇస్తున్నారా? పోయినసారి సెలవు తీసుకున్నామె తిరిగి అదే పనిలో చేరిందా? రాత్రి మీటింగు అయ్యాక ఊళ్ళనుంచి ఇంటికి చేర్చేదెవరు? అడగకుండానే తెలిసేవీ ఉన్నాయి. టీ ఎవరు తెస్తున్నారు, ఆయాను 'నువ్వు' అంటున్నారా 'మీరు' అంటున్నారా, చెక్కుమీద సంతకం ఎవరిది అని చూస్తే చాలు.

"పని దొరకడమే గగనం. ఇన్ని అడిగితే ఇస్తారా?" అనవచ్చు. నిజమే. అప్పు తీర్చాల్సిన పిల్ల ఒంటరిగా ఎదురు ప్రశ్న వేయలేదు. ఆ భారం ఆమెమీద వేయడం అన్యాయం కూడా. అందుకే అడగకముందే చెప్పడం సంస్థల బాధ్యత కావాలి. ప్రకటనలోనే జీతం, పనిగంటలు, సెలవులు, కమిటీ సభ్యుల పేర్లు వేయాలి. పెళ్ళి, పిల్లల ప్రశ్నలు మానేయాలి.

ప్రభుత్వాన్నీ యజమానులనూ నిలదీసే మనం ముందు మన ఆఫీసుల్లోనే ఇది అమలు చేద్దాం. చేయలేని సంస్థకు హక్కుల మీద శిక్షణ శిబిరాలు పెట్టే అర్హత ఎక్కడిది?