యంత్రానికి ముందు నేలను చూద్దాం
పెరటి సాగుకు దుక్కి యంత్రం కొనేముందు మన నేల స్వభావాన్ని తెలుసుకోవడం అవసరం. 2, 3 సెంట్ల పెరటికి పలుగు, పార చాలు. అంతకు మించిన తేలికపాటి ఎర్రనేలలో చిన్న పవర్ వీడర్ సరిపోతుంది. నల్లరేగడి అలా కాదు. ఎండితే రాయిలా బిగుస్తుంది, తడిస్తే బ్లేడ్లకు బంకలా అంటుకుంటుంది. అక్కడ చక్రాల వెనుక బ్లేడ్లున్న బరువైన యంత్రమే నిలుస్తుంది. కూరగాయల వరుసల మధ్య తిప్పదలిస్తే దాని వెడల్పును కూడా కొలుచుకోవాలి.

ఏ యంత్రమైనా అదను చూసే దింపాలి. పిడికెడు మట్టిని ముద్దచేసి నడుమెత్తు నుండి వదిలినప్పుడు విడిపోతే దుక్కికి అదనైనట్లే.

ఏడాదికి రెండు దుక్కుల కోసం అప్పుచేసి యంత్రం కొనడం దుబారా అని మేము భావిస్తాము. అద్దెకు తెచ్చుకుందాం, లేదా ఇరుగుపొరుగు కలిసి కొనుక్కుందాం. పిల్లల చదువుకు దాచిన సొమ్ము కొట్టంలో తుప్పు పట్టకూడదు.