భీమునిపట్నంలో మా భీముడు

ఊరు కదలాలంటే మా ఇంట్లో మూడు ప్రశ్నలు లేస్తాయి. పాలవాడికి ఎవరు చెబుతారు? తులసమ్మకు నీళ్ళెవరు పోస్తారు? భీముణ్ణి ఎవరు చూస్తారు? మొదటి రెండింటికీ ఎదురింటివారున్నారు. మూడోదానికి ఇన్నేళ్ళూ జవాబు దొరకలేదు. అంచేత నేను పెళ్ళికి వెళితే మా ఆవిడ ఇంట్లోనూ, ఆవిడ పుట్టింటికి వెళితే నేను ఇంట్లోనూ కాపలా ఉంటూ వచ్చాం.

భీముడంటే మా కుక్క. గొప్ప జాతిదేమీ కాదు సుమండీ. పన్నెండేళ్ళ కిందట మావాడు కాలేజీ నుంచి వస్తూ, వానలో వణుకుతున్న పిల్లను చొక్కాలో చుట్టి తెచ్చాడు. వస్తూనే అది గిన్నెడు పెరుగన్నం తినేసి, ఖాళీ గిన్నెను వీధిదాకా నాకుతూ నెట్టుకుపోయింది. ఆ పూటే పేరు పెట్టేశాం. "వాడు గుమ్మం దాటి లోపలికి వస్తే, నేను గుమ్మం దాటి బయటికి పోతాను" అంది మా ఆవిడ. వాడు బుద్ధిమంతుడు. సరిగ్గా గుమ్మానికి అవతల పడుకోవడం నేర్చుకున్నాడు. పన్నెండేళ్ళూ ఆ ఒప్పందం చెల్లింది.

మావాడిప్పుడు అమెరికాలో, శాన్ డియేగోలో ఉంటున్నాడు. మొన్న జనవరిలో ఒక ఫొటో పంపాడు. సముద్రపు ఒడ్డున ఎటు చూసినా కుక్కలే. పెద్దవీ, పిల్లవీ, బొచ్చువీ, బోడివీ. "ఇక్కడ కుక్కల కోసమే ఒక బీచి ఉంది నాన్నా. 1972 నుంచీ ఉంది. పగలైనా రాత్రైనా గొలుసు విప్పి వదలొచ్చు" అన్నాడు ఫోనులో. కాస్సేపాగి, "భీముడికి సముద్రం చూపిస్తానని చిన్నప్పుడు మాటిచ్చాను. వాడికిప్పుడు పన్నెండు కదూ?" అన్నాడు. ఆ తరవాత ఎవరం మాట్లాడలేదు.

పన్నెండంటే కుక్కకు ముసలితనమే. వెనకకాళ్ళు బిగిసిపోయి మెట్టెక్కడానికి మొరాయిస్తున్నాయి. మందిచ్చిన పశువుల డాక్టరు, "వయసు కదండీ" అని ఊరుకున్నాడు. ఇంక ఆలోచించడానికి ఏముంది? కొడుకు మాట తండ్రి చెల్లించడం రామాయణంలో లేదు గాని, మా ఇంట్లో ఉండకూడదని ఎక్కడా లేదు కదా!

రైల్లో కుక్కను తీసుకెళ్ళడానికి రెండే దార్లు. ఏసీ మొదటి తరగతిలో కూపే అంతా మనమే పుచ్చుకోవాలి. లేదా గార్డు పెట్టెలో కుక్కలకని ఉండే గూటిలో పెట్టాలి. మొదటిది మా పింఛనుకు పడదు, రెండోది వాడి కీళ్ళకు పడదు. చివరికి రాజమండ్రి నుంచి కారు మాట్లాడుకున్నాం. విశాఖపట్నంలో అయిదు హోటళ్ళకు ఫోను చేశాను. కుక్క అనగానే నాలుగింటివారు ఫోను పెట్టేశారు. అయిదో ఆయన మర్యాదస్తుడు, "ఎంత కుక్కండీ?" అని కొలతలడిగి మరీ పెట్టేశాడు. ఆఖరికి భీమునిపట్నంలో ఒక పెంకుటిల్లు నాలుగు రోజులకు దొరికింది. ఇంటివారికి భీముడి పిచ్చికుక్క టీకా కాగితం చూపిస్తే సరేనన్నారు. కుక్కతో బయలుదేరేవారు ఆ కాగితం మాత్రం మరిచిపోకండి. మన గుర్తింపు కార్డు కంటే అదే ఎక్కువ పనికి వస్తుంది.

దారిలో సాయంత్రానికి రామకృష్ణా బీచి దగ్గర ఆగాం. ఒడ్డుకెక్కించి నిలబెట్టిన కురుసుర జలాంతర్గామి, ముంతమసాలా బళ్ళు, గుర్రపు సవారీలు, గాలిపటాలు. జనం తిరణాలలా ఉన్నారు. భీముడు సముద్రాన్ని చూడనే లేదు. వాడి దృష్టంతా అక్కడి కుక్కల మీదే. అవి ఆ ఇసుకలోనే పుట్టి పెరిగినవి. మేం నాలుగడుగులు వేసేసరికి ఆరు కుక్కలు వరసగా నిలబడి, ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడుగుతున్నట్టు గుర్రుమన్నాయి. భీముడు నా కాళ్ళ మధ్య దూరాడు. ఈ గొడవలో అయిదేళ్ళ పాప ఒకతె భయపడి కెవ్వుమని, చేతిలోని మొక్కజొన్నకంకి పారేసి వాళ్ళమ్మ కొంగులో ముఖం దాచుకుంది. "మా కుక్క ఏమీ చెయ్యదమ్మా" అన్నాను నవ్వుతూ. ఆ తల్లి నవ్వలేదు. "ఆ సంగతి మీకు తెలుసు, మా పాపకు తెలీదుగా బాబాయిగారూ" అంది. జవాబు తోచక కొత్త కంకి కొనిచ్చి కారెక్కాను.

మర్నాడు పొద్దున్నే రుషికొండ వెళ్ళాం. కొండ పక్కన నెలవంకలా వంపు తిరిగిన తీరం. 2020లో మన దేశంలో 8 బీచిలకు 'బ్లూ ఫ్లాగ్' గుర్తింపు వస్తే వాటిలో ఇదొకటి. డెన్మార్కులోని సంస్థ ఇచ్చే గుర్తింపు అది. నీళ్ళ శుభ్రత, మరుగుదొడ్లు, మునిగేవారిని కాపాడే మనుషులు ఇవన్నీ చూసి ఇస్తారు. ఆ షరతుల్లో మరొకటి ఏమిటంటే, కుక్కల్నీ ఇతర పెంపుడు జంతువుల్నీ గట్టి అదుపులో ఉంచాలి. గేటు దగ్గర కాపలావాడు భీముణ్ణి చూసి చెయ్యి అడ్డం పెట్టాడు. నాకు మండింది. "పన్నెండేళ్ళ ముసలాడయ్యా, ఏం చేస్తాడు?" అన్నాను. మా ఆవిడ నా చొక్కా పట్టి లాగింది. "పిల్లలు కాళ్ళకు చెప్పుల్లేకుండా ఆడుకునే ఇసుక. వీడు అక్కడ చేసే పని ఎవరెత్తుతారు? మీరా?" అంది. నా దగ్గర కనీసం కాగితం ముక్కైనా లేదు. వెనక్కు తిరిగాం.

అక్కణ్ణుంచి భీమిలి రోడ్డు అందం చెప్పలేను. ఒక పక్క సముద్రం, ఒక పక్క కొండలు. తొట్లకొండ మీద బౌద్ధ భిక్షువుల విహారాలు, మరికొంత దూరం పోతే ఎర్రమట్టి దిబ్బలు. భీమునిపట్నం పాత ఊరు. 1861లోనే మునిసిపాలిటీ అయింది. డచ్చివారి సమాధులున్నాయి, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటుంది. అన్నిటికంటే మాకు కావలసిన ఖాళీ ఇసుక ఉంది.

ఆ మధ్యాహ్నమే దించుదామనుకున్నాను గాని మా ఆవిడ ఇసుక మీద చెయ్యి పెట్టి చురుక్కుమని తీసేసింది. మనం చెప్పులేసుకుంటాం, కుక్క ఉత్త పాదాలతో నడుస్తుంది. అరచేతి వెనకభాగం ఇసుక మీద ఏడు లెక్కపెట్టే వరకు ఉంచలేకపోతే, ఆ ఇసుక కుక్క పాదాలకు కాలే పెనమే. ఎండ చల్లారే వరకు ఆగాం.

సాయంత్రం అయిదున్నరకు మా భీముడు సముద్రం చూశాడు. మొదట నమ్మలేదు. అల వస్తే వెనక్కు, పోతే ముందుకు. నాలుగోసారి అల వాడి కాళ్ళు తడిపి పోయింది. తోక లేచింది! మెట్టెక్కలేని వెనకకాళ్ళు పరుగెత్తాయండీ. ఫోను పైకెత్తి శాన్ డియేగోకు చూపించాను. అక్కడ తెల్లవారుజామున నిద్ర లేచి కూర్చున్నవాడు ఏమీ అనలేదు. ముక్కు చీదుకున్న చప్పుడు మాత్రం వినిపించింది.

ఆ సంబరంలో వాడు ఉప్పునీళ్ళు తాగుతున్నది నేను చూడలేదు. ఇంటికొచ్చాక వరసగా వాంతులు. సముద్రపు నీళ్ళు కొంచెం తాగితే కుక్కకు వాంతులూ విరేచనాలూ, ఎక్కువ తాగితే ప్రాణం మీదికే వస్తుందట. డాక్టరుకు ఫోను చేస్తే, "మంచినీళ్ళు కొంచెం కొంచెంగా పట్టండి, రెండు గంటల్లో తగ్గకపోతే విశాఖ తీసుకెళ్ళండి" అన్నాడు. నేను కారు కోసం పరుగెత్తి వచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలో చతికిలబడి, తన తాగే చెంబులోని నీళ్ళు దోసిట్లో పోసి వాడిచేత తాగిస్తోంది. నన్ను చూసి, "ఏం చూస్తారు? దీపం పట్టుకోండి" అంది. తొమ్మిదింటికి వాడు తేరుకున్నాడు.

మూడో రోజు తెల్లవారుజామున వాణ్ణి తీసుకుని నేనొక్కణ్ణే బయలుదేరాను. మనిషి లేడు. పడవలు దాటి చాలా దూరం నడిచి తాడు విప్పేశాను. శాన్ డియేగో మనకూ ఉందనుకున్నాను. ఇసుక మీద నీళ్ళ దగ్గర్నుంచి పైదాకా, చిన్న ట్రాక్టరు నడిచినట్టు ఒక జాడ కనిపించింది. భీముడు దాన్ని వాసన చూస్తూ పోయి, ఒకచోట ఆగి తవ్వడం మొదలుపెట్టాడు. ఏం తవ్వుడండీ! వాడిలో అంత బలం ఏళ్ళ తరవాత చూశాను. మావాడికి పంపుదామని వీడియో తీస్తూ, "శభాష్ భీమా!" అంటున్నాను.

"బాబూ! కుక్కని పట్టండి! గుడ్లున్నాయక్కడ!"

దూరాన్నుంచి ఒక పల్లెకారు మనిషి సంచీ, టార్చిలైటు పుచ్చుకుని పరుగెత్తుకొస్తున్నాడు. నేను వెళ్ళి మెడపట్టీ పట్టి లాగేసరికి ఆలస్యమైంది. వాడి మూతికి సొన అంటుకుని ఉంది. గుంటలో పింగ్‌పాంగ్ బంతుల్లాంటి తెల్లటి గుడ్లు. రెండు పగిలిపోయాయి.

అతను అటవీశాఖ వారికి గుడ్లు ఏరిపెట్టే మనిషి. మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కొక్క గుడ్డూ దొర్లకుండా తీసి సంచీలో ఇసుక మీద పేర్చాడు. మొత్తం నూట నాలుగు. ఆలివ్ రిడ్లీ తాబేలట. నలభై కిలోల ప్రాణి. చలికాలం చివర రాత్రివేళ ఒడ్డుకొచ్చి, మూరెడు లోతు గొయ్యి తీసి, వంద పైన గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, వెనక్కు చూడకుండా సముద్రంలోకి పోతుంది. ఆ తరవాత వాటికి తల్లీ లేదు, కాపలా లేదు. కుక్కలూ నక్కలూ తవ్వుకు తింటాయని వీళ్ళు తెల్లవారేలోగా ఏరి, కంచె కట్టిన చోట మళ్ళీ అంతే లోతున పాతిపెడతారు. నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో పిల్లలవుతాయి. 1972 నాటి వన్యప్రాణి చట్టంలో పులికి ఎంత రక్షణో దీనికీ అంతే. అదే 1972లో అక్కడ కుక్కకు బీచి ఇచ్చారు, ఇక్కడ వన్యప్రాణులకు చట్టమిచ్చారు. నేను మాత్రం రెండో సంగతి ఎరగను.

"తప్పయిపోయింది నాయనా" అన్నాను. అతను నన్ను ఒక్కమాట అనలేదు. భీముడి తల నిమిరి, "కుక్కకేటి తెలుసు బాబూ" అన్నాడు. నాలుగు తిట్టినా అంత తగిలేది కాదు.

ఇంటికి వచ్చి మా ఆవిడకు చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "తాడు వాడికి కాదు, మీకు కట్టాలి" అంది. నిజమే. వీడియో తుడిచేసి, జరిగింది మావాడికి చెప్పాను. "ఇక్కడ కూడా అన్ని బీచిలకూ రానివ్వరు నాన్నా. ఇసుకలో గుడ్లు పెట్టే చిన్న పిట్ట ఒకటుంది. దానికోసం కొన్నిచోట్ల కుక్కల్ని రానివ్వరు" అన్నాడు. ఫొటోలో ఆ సంగతి కనపడలేదు మరి.

ఆఖరి రోజు వాణ్ణి తాడుతోనే తీసుకెళ్ళాం. తడి ఇసుక దాటి పైకి పోనివ్వలేదు. నా జేబులో కాగితపు సంచీ, మా ఆవిడ చేతిలో మంచినీళ్ళ చెంబు. వలలు దులిపిన చోట, ముట్టుకుంటే బంతిలా ఉబ్బే చేప ఒకటి చచ్చి పడి ఉంటే వాణ్ణి పక్కకు లాగాను. దాని విషం చచ్చినా పోదట. ఇంటికొచ్చి మంచినీళ్ళతో కడిగి, కాలివేళ్ళ సందుల్లో ఇసుక తీశాం. తాడు కట్టినందుకు భీముడేమీ బాధపడలేదండీ. అలల అంచున మా ఇద్దరి మధ్యా కూర్చుని, గంటసేపు సముద్రాన్ని చూశాడు. వాడికి కావలసింది అంతమాత్రమేనేమో. పరుగెత్తాలన్న సరదా నాది.

రాజమండ్రి వచ్చి వారమైంది. వంటింట్లో క్యాలెండరులో ఏప్రిల్ మొదటి వారం చుట్టూ మా ఆవిడ పసుపుతో గీత గీసింది. ఆ పిల్లలు పుట్టే రోజులట. భీముడు ఆ క్యాలెండరు కిందనే పడుకుంటున్నాడు. గుమ్మం ఎప్పుడు దాటాడో, ఎవరు దాటనిచ్చారో నేనడగలేదు.