ఎత్తి వ్రాసిన తప్పులు

వ్రతకథలు అచ్చులో దొరకని రోజుల్లో ఆడవాళ్లు ఒకరి పుస్తకం చూసి మరొకరు ఎత్తి వ్రాసుకొనేవారు. ఒకావిడ ఎక్కడో ఒక దీర్ఘం మరిచిపోతుంది. ఆమె పుస్తకం చూసి వ్రాసుకొన్న చెల్లెలికీ, తోడికోడలికీ ఆ దీర్ఘం ఉండదు. పైగా తోడికోడలు తన వంతుగా ఇంకో అక్షరం తారుమారు చేస్తుంది. ఇరవై ఏళ్ల తరువాత ఆ పుస్తకాలన్నీ ముందు వేసుకొని కూర్చుంటే, ఎవరు ఎవరిది చూసి వ్రాశారో ఎవరినీ అడగకుండానే చెప్పవచ్చు. ఒప్పు అందరిదీ ఒకటే కనుక దానివల్ల ఏమీ తెలియదు. ఆచూకీ చెప్పేది తప్పే.

ఎబోలా వైరస్ కూడా ఇలాంటి పుస్తకమే. అందులో దాదాపు 19 వేల అక్షరాలుంటాయి. మనిషి ఒంట్లో చేరాక అది తన్ను తాను ఎత్తి వ్రాసుకొంటూ అప్పుడప్పుడు ఒక అక్షరం తప్పుతుంది. ఆ తప్పు తరువాతివాళ్లకు దిగుతుంది.

2014 మార్చిలో పశ్చిమ ఆఫ్రికాలోని గినీ దేశంలో ఎబోలా బయటపడింది. మే నెలాఖరున పక్కనున్న సియెర్రా లియోన్‌లో, కెనెమా ప్రభుత్వాసుపత్రిలో ఒక రోగికి ఆ జబ్బేనని తేలింది. ఆరా తీస్తే, గినీ రోగులకు మందిచ్చి తానూ చనిపోయిన ఒక నాటువైద్యురాలి అంత్యక్రియలకు ఆమె వెళ్లి వచ్చిందట. వెళ్లినవాళ్లలో మరి 13 మంది ఆడవాళ్లకు జబ్బు తగిలింది. ఎబోలా రోగి పోయాక కూడా శవాన్ని ముట్టుకొన్నవారికి సోకుతుంది మరి.

డాక్టర్లకు అప్పుడు తేలవలసిన సంగతి ఒకటుంది. జబ్బు అడవి జంతువులనుంచి మళ్లీ మళ్లీ మనుషులకు దిగుతోందా? ఒక్కసారే దిగి, మనిషినుంచి మనిషికి పాకుతోందా? మొదటిదైతే అడవి మాంసం దగ్గర కాపలా కాయాలి. రెండోదైతే రోగి మంచం దగ్గర, శవం దగ్గర.

మే, జూన్ నెలల్లో 78 మంది రోగుల నమూనాలు, వైరస్‌ను నిర్వీర్యం చేసి, అమెరికాలోని బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్‌కు పంపారు. పార్డిస్ సబేటి బృందం వాటినుంచి 99 ప్రతులు అక్షరం అక్షరం చదివింది. అన్నిటికీ మూలం ఒకటే. జంతువునుంచి కొత్తగా దిగిన జాడ ఎక్కడా లేదు. గినీనుంచి కొద్ది తేడా ఉన్న రెండు వైరస్‌లు ఇంచుమించు ఒకేసారి వచ్చాయనీ, ఆ అంత్యక్రియల ద్వారానే దేశంలో పాకాయనీ తేలింది. అక్షరాలు ఒక్కటే చూస్తే అంత్యక్రియల మాట తెలిసేది కాదు. ఊరూరా తిరిగి అడిగినవాళ్లుండబట్టి రెండు ఆధారాలూ కలిశాయి.

చదివిన ప్రతులను దాచుకోకుండా, వ్యాసం అచ్చయ్యేదాకా ఆగకుండా, ప్రపంచంలో ఎవరికైనా అందేటట్లు పెట్టేశారు. శాస్త్రజ్ఞుల్లో ఇది అంత మామూలు సంగతేమీ కాదు.

ఆ వ్యాసం 2014 ఆగస్టు 28న సైన్స్ పత్రికలో వచ్చింది. వ్రాసినవారిలో అయిదుగురు అప్పటికే ఎబోలాతో చనిపోయారు. కెనెమాలో రోగులను చూసిన డాక్టర్ షేక్ హుమర్ ఖాన్ జూలై 29న పోయారు. అదే ఆసుపత్రి నర్సు ంబాలు ఫోనీ ఆయనకంటే ముందే వెళ్లిపోయింది.