ఉక్కు నగరం పొరుగున ‘డాయన్’ ముద్ర: మూఢనమ్మకం చాటున భూమి తగాదా

జంషెడ్‌పుర్ పేరు చెప్పగానే దేశ పారిశ్రామిక చరిత్ర గుర్తుకు వస్తుంది. 1907లో స్థాపితమైన టాటా ఉక్కు సంస్థ 1912లోనే కార్మికులకు ఎనిమిది గంటల పనిదినాన్ని అమలు చేసింది. ఉత్తరాంధ్ర నుంచి తరలివెళ్లిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఆ నగరంలో స్థిరపడ్డాయి. అయితే ఖర్కాయి నది దాటి గమ్హరియా వైపు గ్రామాలకు వెళితే మరో వాస్తవం ఎదురవుతుంది. అక్కడ ఒక స్త్రీని ‘డాయన్’ అని, అంటే మంత్రగత్తె అని ముద్ర వేస్తే ఆమె ప్రాణానికీ, మానానికీ రక్షణ లేని పరిస్థితి ఏర్పడుతుంది.

ప్రస్తుత సరాయికేలా-ఖర్సావా జిల్లాకు చెందిన ఛుట్నీ దేవి జీవితం ఇందుకు నిదర్శనం. 1995లో పొరుగింటి బాలిక అనారోగ్యానికి ఆమే కారణమని గ్రామస్థులు నిందించారు. పంచాయతీ 500 రూపాయల జరిమానా విధించింది. ఆమె దానిని చెల్లించినా వేధింపులు ఆగలేదు. గుంపుగా వచ్చి కొట్టారు, మలమూత్రాలను బలవంతంగా నోట పోశారు. పిల్లలతో ఊరు విడిచిన ఆమె పుట్టింటి గ్రామమైన బీర్‌బాంస్‌లో తలదాచుకున్నారు. అనంతర కాలంలో అదే గ్రామం నుంచి తనవంటి బాధిత మహిళలకు అండగా నిలిచారు. 2021లో కేంద్ర ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ పురస్కారాన్ని ప్రకటించింది.

ఈ దాడులను కేవలం మూఢనమ్మకంగా పరిగణించడం పొరపాటు. నిందకు గురయ్యేవారిలో వితంతువులు, ఒంటరి మహిళలు, వృద్ధురాళ్లు ఎక్కువగా కనిపిస్తారు. వస్త్రాలు ఊడదీయడం, ఊరేగించడం, అత్యాచారం చేయడం కూడా ఈ శిక్షల్లో భాగమవుతున్నాయి. మంత్రాలకు భయపడుతున్నామని చెప్పేవారు ఆమె శరీరాన్ని అవమానించడానికి మాత్రం భయపడటం లేదు. ఇక్కడ లైంగిక హింస ఆవేశంలో జరిగిన పొరపాటు కాదు, స్త్రీని ఊరిలో తిరిగి తలెత్తుకోనీయకుండా చేసే సాధనం.

దీని వెనుక తరచుగా భూమి ఉంటుంది. హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డు తెగలకు నేరుగా వర్తించదు. 1908 నాటి ఛోటానాగ్‌పుర్ కౌలు చట్టం అమలులో ఉన్న ఈ ప్రాంతంలో, ఆచారం ప్రకారం భూమి పురుష వారసులకు సంక్రమిస్తుంది. సింహభూమ్‌లోని హో తెగ మహిళల తరఫున దాఖలైన మధు కిశ్వర్ కేసులో సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పింది. పురుష వారసత్వ నిబంధనను కొట్టివేయలేదు గాని, ఆ భూమిపై ఆధారపడి జీవించే స్త్రీలను దాని నుంచి వెళ్లగొట్టరాదని స్పష్టం చేసింది. ఆ విధంగా వితంతువుకు దక్కింది జీవనాధార హక్కు మాత్రమే. ఆమె ఊరు విడిచినా, మరణించినా ఆ భూమి భర్త తరఫు బంధువులకు చేరుతుంది. ‘డాయన్’ అనే ఒక్క నింద ఆ రెండింటిలో ఏదో ఒకటి జరిగేలా చేయగలదు. గిరిజన మహిళల వారసులకు సమాన వాటా నిరాకరించరాదని 2025 జులైలో ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు పేర్కొనడం ఈ నేపథ్యంలో ప్రాధాన్యం సంతరించుకుంది.

చట్టం లేదని అనలేము. జంషెడ్‌పుర్‌లోని ఉచిత న్యాయ సహాయ కమిటీ జరిపిన కృషి కూడా తోడై, 1999లో బిహార్ దేశంలోనే తొలిసారిగా మంత్రగత్తె ముద్ర నిరోధక చట్టాన్ని తెచ్చింది. కొత్తగా ఏర్పడిన ఝార్ఖండ్ 2001లో దానిని స్వీకరించింది. అయితే ఈ చట్టం కింద ఒక స్త్రీని మంత్రగత్తె అని ముద్ర వేస్తే గరిష్ఠ శిక్ష మూడు నెలల జైలు లేదా 1,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఆ పేరుతో హింసిస్తే ఆరు నెలల జైలు లేదా 2,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

కఠినమైన నిబంధనలు ఇతర చట్టాల్లో ఉన్నాయి. భారతీయ న్యాయ సంహిత 76వ సెక్షన్ ప్రకారం స్త్రీని వివస్త్రను చేసే దాడికి మూడు నుంచి ఏడేళ్ల జైలు శిక్ష విధించవచ్చు. మంత్రగత్తె అని నిందించి హింసించడాన్ని 2015 సవరణ ద్వారా ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలోనూ నేరంగా చేర్చారు. కానీ నిందితులు కూడా షెడ్యూల్డు కులాలు, తెగల వారే అయితే ఆ చట్టం వర్తించదు. ఈ నిందలు ఎక్కువగా వచ్చేది సొంత బంధువుల నుంచి, ఇరుగుపొరుగు నుంచి. అందువల్ల పోలీసులు తొలి ఫిర్యాదులో ఏ సెక్షన్లు నమోదు చేస్తారన్నదే కేసు గతిని నిర్ణయిస్తుంది.

గణాంకాల్లోనూ ఒక లోపం ఉంది. జాతీయ నేర నమోదు సంస్థ మంత్రవిద్యను హత్యలకు ఒక కారణంగా లెక్కిస్తోంది. ప్రాణాలతో మిగిలి, అవమానం మోస్తూ ఊరు విడిచిన మహిళ ఆ లెక్కలోకి రాదు.

ఈ సమస్య తెలుగువారికి కొత్తది కాదు. మెదక్ ప్రాంతంలో బాణామతి, ఇతర చోట్ల చేతబడి అనుమానాలతో మనుషులను చెట్టుకు కట్టి కొట్టిన, పళ్లు ఊడగొట్టిన ఘటనలు జరిగాయి. అంతర్జాతీయంగా కూడా ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి 2021 జులైలో ఇటువంటి నిందలతో ముడిపడిన హింసపై తీర్మానం ఆమోదించింది.

అవగాహన సదస్సులు అవసరమే. అయితే ఊరిలో వైద్యుడు అందుబాటులో ఉంటే జ్వరానికి కారణం కోసం మనిషిని వెతకవలసిన పని ఉండదు. పట్టాలో స్త్రీ పేరు స్థిరంగా ఉంటే ఆమెను వెళ్లగొట్టడం వల్ల ఎవరికీ లాభం ఉండదు. మొదటి నింద వినిపించిన రోజునే పోలీసులు కదిలితే గుంపు కూడదు. ఛుట్నీ దేవికి లభించిన గౌరవం హర్షణీయం. అదే గ్రామాల్లో మరో మహిళ పిల్లలతో రాత్రికి రాత్రే ఊరు విడవవలసిన అవసరం లేకుండా చేయడం ప్రభుత్వాలపై, సమాజంపై ఉన్న బాధ్యత.