ఒకే తీగపై మాట, సినిమా: ముందు దారి ఎవరికి?

గోదావరిఖని: పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్‌లో 2024 డిసెంబరులో టీ ఫైబర్ సేవలు మొదలయ్యాయి. ప్రయోగాత్మకంగా రాష్ట్రంలో ఎంపిక చేసిన నాలుగు గ్రామాల్లో ఇదొకటి. ఇంటర్నెట్, టీవీ, టెలిఫోను మూడూ ఒకే తీగపై ఇస్తామన్నది పథకం. మంచిదే. అయితే మాటను, సినిమాను ఒకే దారిన పంపడంలో ఓ చిక్కుంది.

పాత టెలిఫోనులో మాట్లాడినంతసేపూ దారి మనదే. కంప్యూటర్ల తీగ ఉమ్మడి బాట. అది మాటను సాధారణంగా సెకనుకు 50 ముక్కలు చేసి పంపుతుంది. ఒక సంభాషణకు 100 కిలోబిట్లు చాలు. ఆ లెక్కన 20 మెగాబిట్ల లైనులో రెండు వందల సంభాషణలు పట్టాలి. మరి మాట ఎందుకు తెగుతుంది? పంచాయతీ కార్యాలయంలో సీసీ కెమెరా దృశ్యాలు, ఎవరో పంపే పెద్ద ఫైలు ఒక్కసారిగా వచ్చిపడితే మాట ముక్కలు వాటి వెనక నిలబడిపోతాయి. రాజీవ్ రహదారి ఎంత వెడల్పున్నా బొగ్గు టిప్పర్ల వెనక చిక్కిన 108 వాహనం కదలదు కదా! ఫైలు రెండు సెకన్లు ఆగినా నష్టం లేదు. మాట మాత్రం సెకనులో ఏడో వంతులోపు అవతలికి చేరాలి. లేదంటే ఇద్దరూ ఒకరి మాటకు ఒకరు అడ్డం పడతారు.

దీనికి మందు కొత్తదేం కాదు. సరకుకు 8 మెట్ల ప్రాధాన్యం ఇచ్చి మాటను పై మెట్టున ఉంచే పద్ధతి 1998 నాటికే కంప్యూటర్ ప్రమాణాల్లో చేరింది. కాకపోతే దారిలోని ప్రతి పెట్టె దాన్ని పాటించాలి. ఒక్కచోట వదిలేసినా ఫలితం పోతుంది. వాట్సాప్ మాటకు సాధారణంగా ఈ ముందు దారి దొరకదు.

రెండో చిక్కు కరెంటు. పాత రాగి తీగ ఫోనుకు ఎక్స్‌ఛేంజి బ్యాటరీ నుంచే 48 వోల్టుల విద్యుత్తు అందేది. ఊరంతా చీకటైనా గంట మోగేది. గాజు తీగ కరెంటును మోయలేదు. ఇంట్లో పెట్టె ఆరిపోతే ఫోనూ మూగబోతుంది. దేశానికి కరెంటిచ్చే రామగుండం పక్కనే ఉన్నా గాలివానకు మన పల్లెల్లో దీపాలు ఆరిపోవడం కొత్త కాదు. సెల్లు ఉందిగా అనవచ్చు. సిగ్నల్ అందని ఊళ్ల మాటేమిటి? రాత్రి షిఫ్టుకు గనిలో దిగిన మనిషి గురించి కబురు రావలసింది ఆ ఫోనుకే.

కాబట్టి ఊరికి లైను వేసేవారిని గ్రామస్థులు అడగవలసింది వేగం ఒక్కటే కాదు. సీసీ కెమెరాలు, వీడియోలు నడుస్తుండగా ఓసారి, మెయిన్ స్విచ్ ఆపి ఓసారి, పంచాయతీ ఫోనులో మాట్లాడి చూపమనాలి. పెట్టెకు బ్యాటరీ ఎవరు ఇస్తారో, పాడైతే ఎవరు మారుస్తారో ముందే రాయించుకోవాలి.